గుండె మళ్లీ కొట్టుకున్నంత మాత్రాన చికిత్స ముగియదు

పశువైద్యశాలలో ఒక జంతువు గుండె ఆగిపోయినప్పుడు దానిని బతికించే ప్రయత్నానికి కొరత ఉండదు. వైద్యులు, సహాయకులు, విద్యార్థులు అందరూ ఆ బల్ల చుట్టూ చేరతారు. ఒకరు ఛాతీని నొక్కుతుంటే మరొకరు శ్వాసనాళంలోని గొట్టం ద్వారా గాలి అందిస్తారు. ఇంకొకరు ఎడ్రినలిన్ సిరంజిలోకి తీస్తారు. నాడి తిరిగి చేతికి అందగానే ఆ గుంపు పలచబడుతుంది. గండం గడిచి పిండం బయటపడిందన్న భావన కలుగుతుంది. జంతువును బోనులోకి మార్చి, సెలైన్ వేలాడదీసి, తరువాతి కేసును బల్లపైకి తీసుకుంటారు. అదే రాత్రి ఆ జంతువు మరణిస్తే, గుండె బలహీనంగా ఉండినదన్న ఒక్క వాక్యంతో కేసు షీటు ముగుస్తుంది.

పునరుజ్జీవన చికిత్సలో పెద్ద నష్టం జరిగేది గుండె ఆగిన ఆ కొద్ది నిమిషాలలోనే కాదు. అది తిరిగి కొట్టుకోవడం మొదలైన తరువాతి గంటలలో కూడా. కనుక నాడి తిరిగి రావడాన్ని విజయంగా గాక, చికిత్సలో రెండవ దశకు ఆరంభంగా భావించడం అవసరం. ఆ దశకు కావలసిన మనుషులను, పద్ధతిని, రికార్డును తెలుగు రాష్ట్రాల పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ముందుగానే సమకూర్చుకోవాలి. ఖరీదైన పరికరాలు వచ్చిన తరువాత చూద్దామని దీనిని వాయిదా వేయడం సరికాదు. ఈ దశలో అన్నింటికంటే ముందు కావలసినది జంతువు పక్కన మెలకువగా ఉండే ఒక శిక్షితుడైన మనిషి.

లెక్కలు చూపే లోటు

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ బోధనాసుపత్రిలో హృదయస్తంభనకు గురై పునరుజ్జీవన చికిత్స పొందిన 161 కుక్కలు, 43 పిల్లుల వివరాలు 2009లో ప్రచురితమయ్యాయి. వాటిలో 56 కుక్కలకు, 19 పిల్లులకు గుండె తిరిగి పనిచేసింది. అయితే ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవి 9 కుక్కలు, 3 పిల్లులు మాత్రమే. అంటే గుండె తిరిగి కొట్టుకున్న 75 జంతువులలో 63 ఆ తరువాత దక్కలేదు. మూలవ్యాధి ముదిరి ఎలాగూ దక్కనివి, యజమాని కోరికపై కారుణ్య మరణం పొందినవి వీటిలో ఉండవచ్చు. అయినప్పటికీ ఛాతీ నొక్కడంలో నైపుణ్యం పెంచుకుంటే చాలునన్న అభిప్రాయాన్ని ఈ అంకెలు నిలబడనీయవు.

పశువుల పునరుజ్జీవన చికిత్సకు శాస్త్రీయ ఆధారాలతో కూడిన తొలి సమగ్ర మార్గదర్శకాలను 'రికవర్' బృందం 2012లో వెలువరించింది. ఆసుపత్రిలో గుండె ఆగిన కుక్కలు, పిల్లులలో ఇల్లు చేరేవి 6 శాతం లోపేనని, మనుషులలో ఆ సంఖ్య సుమారు 20 శాతమని అందులో పేర్కొన్నారు. అదే సమయంలో ఆశ కలిగించే మరొక విషయం కూడా వెల్లడైంది. మత్తు ప్రభావంలో ఉండగా గుండె ఆగిన జంతువులలో 47 శాతం వరకు బతికిన సందర్భం నమోదైంది.

ఈ తేడాకు కారణం సుబోధకమే. మత్తులో ఉన్న జంతువుకు శ్వాసనాళంలో గొట్టం, సిరలో సూది అప్పటికే ఉంటాయి. గుండె ఆగిన క్షణమే ఎవరో ఒకరు గమనిస్తారు. కారణం చాలాసార్లు మందు మోతాదో, శ్వాస మందగించడమో అయి ఉంటుంది. దానిని వెనక్కు మళ్లించవచ్చు. జైలజీన్ ప్రభావానికి యోహింబిన్ లేదా అటిపమెజోల్, మార్ఫిన్ తరహా మందులకు నాలోక్సోన్ విరుగుడుగా ఉన్నాయి. కాబట్టి అన్ని కేసులలోనూ ఫలితం ఒకేలా నిరాశాజనకమని భావించి చేతులు ముడుచుకోవడం శాస్త్రీయం కాదు.

కుక్కల నుంచి నేర్చిన విద్య

ఛాతీని బయటి నుంచి నొక్కి రక్తప్రసరణను నిలపవచ్చునని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ 1960లో ప్రకటించారు. ఆ ఆవిష్కారానికి దారితీసినవి కుక్కలపై చేసిన ప్రయోగాలే. ప్రాణం తిరిగి వచ్చిన శరీరం ఒక ప్రత్యేకమైన జబ్బుకు లోనవుతుందని, దానికి వేరుగా చికిత్స అవసరమని మాస్కోకు చెందిన వ్లాదిమిర్ నెగోవ్‌స్కీ 1972లో వివరించారు. దానికి ఆయన పెట్టిన పేరు 'పునరుజ్జీవనానంతర వ్యాధి'. ఆయన ప్రయోగశాలలో కూడా కుక్కలే ఈ జ్ఞానానికి ఆధారమయ్యాయి. మానవ వైద్యం ఆ జ్ఞానంపై ప్రత్యేక విభాగాలనే నిర్మించుకుంది. దానిని అందించిన జంతువులకు అందులో ప్రాథమికమైన భాగమైనా దక్కడం న్యాయం.

ఆగి తిరిగి నడిచిన శరీరంలో

గుండె ఆగినంతసేపు కణాలకు ఆక్సిజన్ అందదు. రక్తప్రసరణ తిరిగి మొదలవగానే ఆక్సిజన్ ఒక్కసారిగా చేరి, హానికర ఆక్సిజన్ అణువులు పుట్టి, అప్పటికే దెబ్బతిన్న కణాలను మరింత దెబ్బతీస్తాయి. ఎండిన చేనుకు ఒక్కసారిగా వరద నీరు వదిలితే మట్టి కోసుకుపోయినట్లే ఈ స్థితి ఉంటుంది. దీని పర్యవసానాలను నాలుగు భాగాలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటిది మెదడు దెబ్బతినడం. స్పృహ రాకపోవడం, మూర్ఛలు, చూపు మందగించడం దీని లక్షణాలు. రెండవది గుండె కండరం తాత్కాలికంగా నీరసించడం. రక్తపోటు పడిపోయి గుండె లయ తప్పుతుంది. మూడవది శరీరమంతటా రేగే వాపు ప్రతిచర్య. ఇది చీము పట్టి రక్తం విషమించినప్పటి స్థితిని పోలి ఉంటుంది. నాలుగవది, గుండె ఆగడానికి కారణమైన మూలవ్యాధి ఇంకా అలాగే ఉండటం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి అదుపు తప్పినా గుండె మళ్లీ ఆగవచ్చు. అందువల్ల నాడి అందిన వెంటనే వేయవలసిన మొదటి ప్రశ్న: ఈ గుండె అసలు ఎందుకు ఆగింది? రక్తస్రావమా, మందు మోతాదా, పొటాషియం పెరగడమా, ఊపిరి అందకపోవడమా అన్నది తేలకుండా మిగిలిన చికిత్స నిలబడదు.

మంచి ఉద్దేశంతో జరిగే హాని

ఈ దశలో జరిగే పొరపాట్లు ఎక్కువగా నిర్లక్ష్యం వల్ల కాక, అతి శ్రద్ధ వల్ల జరుగుతాయి. గుండె తిరిగి కొట్టుకున్న తరువాత కూడా పూర్తి ఆక్సిజన్‌ను గంటల తరబడి వదలడం అందులో ఒకటి. రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 94 నుంచి 98 శాతం మధ్య ఉండేలా తగ్గించుకుంటూ రావాలన్నది మార్గదర్శకాల సూచన. లోటు ఎంత ప్రమాదమో మితిమీరడం కూడా అంతే ప్రమాదం. ఒక పల్స్ ఆక్సీమీటర్, ఆక్సిజన్ ప్రవాహాన్ని తగ్గించే చేయి ఉంటే ఈ పని జరుగుతుంది.

ఆంబు సంచిని వేగంగా పిండటం మరొకటి. ఆందోళనలో ఉన్న సహాయకుడు నిమిషానికి 30, 40 సార్లు పిండుతూనే ఉంటాడు. దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అసలే దెబ్బతిన్న మెదడుకు రక్తం మరింత తగ్గుతుంది. కుక్కలలో ఈ వాయువు పీడనం 32 నుంచి 43, పిల్లులలో 26 నుంచి 36 మిల్లీమీటర్ల పాదరసం మధ్య నిలవాలి. కొలిచే సాధనం లేనిచోట కనీసం గడియారం చూసుకుంటూ నెమ్మదిగా శ్వాస అందించడం నేర్పవలసి ఉంది.

చల్లబడిన జంతువును వేడినీటి సీసాలతో, దీపాలతో త్వరత్వరగా వెచ్చబరచడం మూడవది. తేలికపాటి చల్లదనం ఈ స్థితిలో మెదడుకు మేలు చేయగలదు. శరీరాన్ని వెచ్చబరచవలసి వచ్చినా గంటకు 0.25 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ మించకుండా నెమ్మదిగా చేయాలి. జ్వరం మాత్రం నిశ్చయంగా కీడు చేస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉన్న వార్డులో స్పృహ లేని కుక్క తనంతట తానే వేడెక్కుతుంది. రొప్పి శరీరాన్ని చల్లబరచుకునే శక్తి దానికి ఆ సమయంలో ఉండదు. తెలుగు నేలపై వేసవిలో ఈ సంరక్షణకు మొదటి పరికరం థర్మామీటరు. రెండవది ఒక చల్లని గది.

నాలుగవది అలవాటుగా వేసే ఇంజెక్షన్లు. ప్రాణాపాయమనగానే డెక్సామెథసోన్ ఇవ్వడం క్షేత్రస్థాయిలో పాతుకుపోయిన ఆచారం. గుండె ఆగి తిరిగి నడిచిన ప్రతి జంతువుకూ కార్టికోస్టిరాయిడ్లు ఇవ్వవద్దని 2012 నాటి మార్గదర్శకాలు సూచించాయి. అవసరం తెలియకుండా డెక్స్‌ట్రోజ్ ఎక్కించడం కూడా ఇటువంటిదే. రక్తంలో చక్కెర పెరిగితే దెబ్బతిన్న మెదడుకు నష్టం పెరుగుతుంది. కుక్కపిల్లలలో చక్కెర పడిపోయినట్లు పరీక్షలో తేలితే ఇవ్వడం వేరే సంగతి. సెలైన్ విషయంలోనూ అదే విచక్షణ కావాలి. రక్తస్రావమో, నిర్జలీకరణమో ఉంటే తప్ప, నీరసించిన గుండెపై సీసాల కొద్దీ ద్రవం మోపడం ఊపిరితిత్తులలో నీరు చేరడానికి దారితీస్తుంది. సగటు రక్తపోటును 80 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గకుండా నిలపడానికి ద్రవం చాలనప్పుడు గుండెకు, రక్తనాళాలకు బలమిచ్చే మందులను ఆశ్రయించాలి.

తొందరపాటు తీర్పు తగదు

మెదడు స్థితిని అంచనా వేయడంలో ఓర్పు మరీ ముఖ్యం. ప్రాణం తిరిగి వచ్చిన అరగంటకు కంటిపాపలు విచ్చుకొని ఉండటం చూసి మెదడు చచ్చిపోయిందని నిర్ణయించడం తగదు. పునరుజ్జీవన చికిత్సలో ఇచ్చిన అట్రోపిన్, ఎడ్రినలిన్ కూడా కంటిపాపలను విచ్చుకునేలా చేస్తాయి. మత్తుమందు శేషం ఇంకా రక్తంలో ఉంటే స్పందనలన్నీ మందగించే ఉంటాయి. మానవ వైద్యంలో స్పృహ లేని రోగి భవిష్యత్తుపై తుది అంచనాకు కనీసం 72 గంటలు ఆగాలని సూచిస్తారు. అంత వ్యవధి ఇక్కడ ప్రతిసారీ సాధ్యపడకపోవచ్చు. కాని మొదటి గంటలోనే కారుణ్య మరణానికి సిరంజి ఎత్తడానికి, ఒక రాత్రి ఆగి చూడటానికి మధ్య ఒక ప్రాణం ఉంది.

ఆ రాత్రి చేయగల పనులు కూడా సామాన్యమైనవే. మెడ మడతపడకుండా, మెడ సిరలు నొక్కుకుపోకుండా చూసి, తల వైపు కొంచెం ఎత్తుగా ఉంచాలి. కంటికి లేపనం రాయాలి. ఒకే పక్క ఒరగకుండా కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి. మూత్రం వస్తున్నదో లేదో గమనించాలి. మూర్ఛ కనబడితే డయాజిపామ్ వెంటనే అందుబాటులో ఉండాలి. మెదడు వాపు లక్షణాలు పెరుగుతుంటే కిలో బరువుకు అర గ్రాము మానిటాల్‌ను 15 నుంచి 20 నిమిషాలలో సిరలోకి ఇవ్వవచ్చు. వీటిలో ఏదీ కళాశాల ఆసుపత్రికి అందనిది కాదు. అయితే ఇవన్నీ అర్ధరాత్రి రెండు గంటలకు కూడా జరగాలి. కష్టమంతా అక్కడే ఉంది.

రాత్రి కాపలా ఎవరిది?

ఇక్కడ ఒక అభ్యంతరం వినవస్తుంది. వైద్యుల కొరత ఉన్నచోట, పగటి ఓ.పి.కే మనుషులు చాలనిచోట, నూటికి ఆరో ఏడో బతికే జంతువుల కోసం రాత్రంతా ఒకరిని కూర్చోబెట్టడం సమంజసమా అన్నది ఆ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కాని బోనులో గమనింపు లేకుండా మరణించేవి గుండె ఆగి బతికిన జంతువులు మాత్రమే కావు.

బ్రిటన్‌లో మత్తు సంబంధిత మరణాలపై జరిగిన విస్తృత అధ్యయనం 2008లో వెలువడింది. కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం మత్తు లేదా నిద్రమందు కారణంగా మరణించాయని అది తేల్చింది. ఆ మరణాలలో కుక్కలలో దాదాపు సగం, పిల్లులలో 60 శాతానికి పైగా శస్త్రచికిత్స ముగిసిన తరువాతే సంభవించాయి; అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటలలోనే. అంటే కుట్లు వేయడం పూర్తయి, అందరూ చేతులు కడుక్కునే సమయమే అతి ప్రమాదకరమైనది. మత్తు నుంచి తేరుకుంటున్న ప్రతి జంతువును కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు చేస్తే, అదే ఏర్పాటు గుండె ఆగకుండానూ కాపాడుతుంది, ఆగి తిరిగి నడిచిన తరువాతా ఆదుకుంటుంది. రెండింటికీ వేరువేరు ఖర్చు ఉండదు.

ఈ మాట వీధికుక్కల శస్త్రచికిత్సా కేంద్రాలకు మరింతగా వర్తిస్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల అమలులో భాగంగా స్థానిక సంస్థల పరిధిలో కుక్కలకు శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. ఒకదాని తరువాత ఒకటిగా సాగే ఆ పనిలో, జైలజీన్–కెటమిన్ మత్తు దిగని కుక్కకు తనకంటూ అడిగే యజమాని లేడు. కత్తి పట్టే వైద్యునితో పాటు, తేరుకునే కుక్కల వద్ద ఉండే మనిషి కూడా ఆ కేంద్రాలలో తప్పనిసరి సిబ్బందిగా ఉండాలి.

పెద్ద పశువుల సంగతి

నాలుగు వందల కిలోల గేదె గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించడం ఆచరణలో దాదాపు అసాధ్యం. ఇది ఒప్పుకోవలసిన పరిమితి. దూడలు, మేకలు, గొర్రెల విషయంలో ప్రయత్నానికి చోటుంది. పెద్ద పశువుల విషయంలో ముందు జాగ్రత్తే చికిత్స. పాలజ్వరం వచ్చిన గేదెకు కాల్షియం బోరోగ్లూకొనేట్ వేగంగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదముంది. స్టెతస్కోపు గుండెపై ఉంచి, లయ తప్పగానే ఆపుతూ నెమ్మదిగా ఇవ్వాలి. ఆవులు, గేదెలు జైలజీన్‌కు గుర్రాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా లోనవుతాయి. మోతాదులో ఏమరుపాటు తగదు. 1962 నంబరుకు ఫోను చేస్తే రైతు ముంగిటికి వచ్చే సంచార వాహనంలోని వైద్యునికి ఈ రెండు జాగ్రత్తలు ఏ పరికరం కంటే ఎక్కువ అక్కరకు వస్తాయి. ఇంజెక్షన్ తరువాత తూలిపడి తేరుకున్న పశువును వెంటనే వదిలి వెళ్లకుండా, రొమ్ముపై సరిగా కూర్చుండబెట్టి, పొట్ట ఉబ్బకుండా, నెమరు మొదలయ్యే వరకు చూడటం కూడా పునరుజ్జీవనానంతర సంరక్షణే.

యజమానికి చెప్పవలసిన నిజం

గుండె తిరిగి కొట్టుకున్నదని చెప్పగానే యజమాని తన కుక్క బతికిందని నమ్ముతాడు. మరునాడు అది మరణిస్తే ఆసుపత్రి మోసగించిందని భావిస్తాడు. మధ్యలో చెప్పవలసిన మాట చెప్పకపోవడమే దీనికి కారణం. గుండె మళ్లీ ఆగే అవకాశం, మెదడు కోలుకోవడంలో అనిశ్చితి, ఒక రాత్రి సంరక్షణకు అయ్యే ఖర్చు, చూపు లేదా నడక కొన్నాళ్లు మందగించే అవకాశం స్పష్టమైన తెలుగులో ముందే చెప్పాలి. శస్త్రచికిత్సకు సంతకం తీసుకునే కాగితంలోనే, గుండె ఆగితే ఎంతవరకు ప్రయత్నించాలన్న ప్రశ్న కూడా ఉండాలి. క్యాన్సర్ ముదిరిన వృద్ధ జంతువుకు ప్రయత్నం వద్దనుకోవడం నేరం కాదు. గర్భాశయ శస్త్రచికిత్సకు వచ్చిన ఆరోగ్యవంతమైన యువ జంతువు విషయంలో మాత్రం చివరి వరకు పోరాడటం వైద్యుని బాధ్యత. ఈ రెండు కేసులకూ ఒకే రకం ప్రయత్నం, ఒకే రకం విరమణ వర్తింపజేయడం న్యాయం కాదు.

విశ్వవిద్యాలయాల ముందున్న పని

ఈ మార్పు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం, కోరుట్ల వంటి కళాశాలల ఆసుపత్రుల నుంచి మొదలైతేనే జిల్లాలకు చేరుతుంది. అందుకు నాలుగు పనులు అవసరం.

మొదటిది, గుండె ఆగి తిరిగి నడిచిన జంతువు కోసం ఒకే పేజీ పరిశీలన పత్రం. తొలి గంటలో ప్రతి 15 నిమిషాలకు, తరువాత ప్రతి అరగంటకు నాడి, శ్వాస, చిగుళ్ల రంగు, ఉష్ణోగ్రత, స్పృహ, సాధ్యమైతే రక్తపోటు, ఆక్సిజన్ సంతృప్తత అందులో నమోదు కావాలి. రెండవది, మొదటి 24 గంటలకు పేరుతో సహా నియమించిన కాపలా. బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్. కోర్సులో ఏడాదిపాటు సాగే ఇంటర్న్‌షిప్‌లో ఈ రాత్రి విధిని అభ్యాసంగా చేర్చవచ్చు. అయితే ఇంటర్న్‌ను ఒంటరిగా వదలక, పిలిస్తే వచ్చే బాధ్యుడైన వైద్యుడు ఉండాలి. మూడవది, బొమ్మలపై ఏటా శిక్షణ. ఆ శిక్షణ నాడి దొరకడంతో ముగియక, తరువాతి గంటలో ఏం చేయాలన్న దానితో ముగియాలి.

నాలుగవది రికార్డు. ప్రతి హృదయస్తంభననూ నమోదు చేసి, గుండె తిరిగి కొట్టుకున్నవి ఎన్ని, మరునాటికి మిగిలినవి ఎన్ని, ఇల్లు చేరినవి ఎన్ని, చేరిన తరువాత నెలకు ఎలా ఉన్నాయి అన్న నాలుగు సంఖ్యలను ఏటా ప్రకటించాలి. ఇక్కడి దేశవాళీ కుక్కలు, ఇక్కడి ఎండలు, ఇక్కడ వాడే మత్తుమందులు వేరు. వాటికి తగిన ప్రమాణాలు ఇక్కడి రికార్డుల నుంచే రావాలి. నష్టాలను దాచే ఆసుపత్రి వాటి నుంచి ఏమీ నేర్చుకోలేదు. వైఫల్యాన్ని నమోదు చేసిన విద్యార్థిని మందలించక మెచ్చుకునే వాతావరణం ఉంటేనే ఆ సంఖ్యలు నిజమైనవి అవుతాయి.

పునరుజ్జీవనానికి అసలు కొలమానం నాడి తిరిగి వచ్చిన క్షణం కాదు. ఆ జంతువు తన కాళ్లపై నిలబడి, తన పేరు పిలిస్తే తల తిప్పి, తిండి ముట్టి ఆసుపత్రి గేటు దాటిన రోజే ఆ కొలమానం. ఛాతీ నొక్కే నాలుగు నిమిషాలకు ఇస్తున్న ప్రాధాన్యాన్ని తరువాతి 24 గంటలకు కూడా ఇచ్చినప్పుడే ఆ రోజును చూసే జంతువుల సంఖ్య పెరుగుతుంది.